తల్వార్ కింది సొరకాయ

"అమ్మమ్మా, గీ జపాన్ సీరియల్ల ఆయనను సూడు. గుర్రాల కాడ పనిజేసెటోడు, తన దొరనే పడగొట్టి తనే దొరైండు. ఆఖర్కి ఆయనను గూడ సొంత మనుషులే పడగొట్టిండ్రు. మన దిక్కు గూడ గిట్లాంటోళ్లు ఉండిరా?"

ఏదీ, ఫోన్ జెర దూరం పట్టు, కండ్లద్దాలు ఆ టీవీ కాడ ఉన్నయి. అగో, నెత్తి మీద కొప్పుంది గదనే మొగాయినకు. నడుముకు రెండు కత్తులా? మా దొరకు ఒక్కటే ఉండె బిడ్డా, అది గూడ తెగకపోతుండె. నవ్వకు, నిజంగనే. ఆ తెగని తల్వార్ తోనే ఆయన దొరైండు, దాని తోనే పోయిండు. ఏందీ, నా మాటలు పట్టుకుంటున్నవా ఫోన్ల? పట్టుకో. ఇగ ఎవ్వలకు భయపడాలె? ఆ దొర లేడు, మా బాపు లేడు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలిన.

మా తల్లిగారూరు ఎల్లారెడ్డి దిక్కు గద. నువ్వు సూడలే, మీ అమ్మ చిన్నప్పుడు సూసింది. ఊరి నడుమ గడీ ఉంటుండె, అంటే దొర బంగ్లా, సుట్టూ ఇంత మందం గోడ. మా ఇల్లు ఆ గోడ ఎనుకనే. మా బాపు పేరు మల్లయ్య. గడీల ఆయన పని తల్వార్ సూసుకునుడు. పొద్దుగాల తుడుసుడు, నూనె రాసుడు, పండుగొస్తే పట్టుకొని దొర ముంగట నడుసుడు, గంతే. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక జత బట్టలు ఇస్తుండిరి. అప్పుడు ఎల్లారెడ్డి నుంచి ఈ కామారెడ్డికి బస్సు టికెట్ రూపాయి... కాదు కాదు, రూపాయి మీ అమ్మ పుట్టినంక ఐంది, మొదలు బారాణనే, అంటే ముప్పావలా. ఆ బారాణ లేక మా బాపు ఓ పారి నడిసే వచ్చిండట. ఏం జెప్తున్న నేను? ఆ, తల్వార్.

దసరా నాడు పొద్దుగూకక ముందే ఊరంతా జమ్మిచెట్టు కాడికి పోవాలె. చెట్టు కింద బండ మీద అనిగెపుకాయ, మీరు సొరకాయ అంటరు, అది పెడుతరు. దొర తల్వార్ తోని ఒక్క ఏటుకు దాన్ని రెండు తునుకలు జెయ్యాలె. తెగిందా, ఆ ఏడు వానలు పడుతయి, దొర మాట నిలుస్తది. గట్ల నమ్ముతుండిరి. తర్వాత ఊరోళ్లు ఒక్కొక్కలే వచ్చి జమ్మాకు దొర చేతుల పెట్టి మొక్కాలె. దొర చేతుల పెట్టినంకనే కన్న తల్లికైనా పెట్టుడు.

గని ఆ తల్వార్ కు సాన పట్టొద్దు. ఎన్నడో సాన పట్టిన ఏడాదే దొరింట్ల పిల్లగాడు సచ్చిపోయిండట, అప్పటి సంది రాయికి తాకించలే. మొద్దుబారి పోయింది, గోరు గూడ తెగది దానితోని. కాయ జూస్తే విత్తనానికి ఉంచిన ముదురు కాయ, కట్టె లెక్క ఉంటది. మరి ఎట్ల తెగుతది అంటవు. మా బాపు తెంపుతుండె. ఇంట్లనే సాటుకు, కాయ కింది దిక్కు సన్న కత్తితోని సగం దాటేదాక కోసి, మల్ల దగ్గరికి ఒత్తి, పసుపు పూసి, బొట్లు పెడుతుండె. మా తాత గూడ గట్లనే జేసిండట. దొరకు తెలుసు, తల్వార్ పట్టెటోనికి తెలుసు, ఇంకెవ్వలకు తెల్వది. గంపల మటుకు రెండు కాయలు పోతుండె. ఒకటి కోసింది, ఒకటి కోయంది. ఎవ్వలన్న కాయ జూపెట్టుమంటే కోయంది జూపెట్టెతందుకు.

ఇగ నర్సింగరావు దొర సంగతి. ఆయన మొదటి సంది దొర కాదు. పెద్దదొర చెల్లె కొడుకు, తల్లి పోతే తెచ్చి గడీల పెట్టుకున్నరు. గుర్రాల కాడనే పండుకుంటుండె, మనుషుల తోని మంచిగ మాట్లాడుతుండె. మా బాపును అన్నా అని పిలుస్తుండె, గడీల అట్ల పిలిచినోడు ఇంకొకడు లేడు. పెద్దదొరకు పిల్లలు లేరు, సూపు తగ్గింది, కోపం పెరిగింది. నాకు ఆరేండ్లుంటయేమో ఆ దసరాకు. మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, ఆమె కొంగు పట్టుకొని సూసిన. పెద్దదొర కొట్టిండు, తల్వార్ ఇంత లోపలికి పోయి ఇరికింది. గుంజి మల్ల కొట్టిండు, మల్ల ఇరికింది. అప్పుడు నర్సింగరావు వచ్చి "మామా, ఇటియ్యి" అని మెల్లగ తీసుకున్నడు. మా బాపుకు జెప్పి రెండో కాయ పెట్టిచ్చిండు. ఒక్కటే ఏటు, రెండు తునుకలు. ఊరంతా ఒక్క తీరుగ మొత్తుకున్నరు సంబురానికి. ఆ ఏడు వానలు గూడ పడ్డయి, ఏం జేస్తం.

రెండేండ్లల్ల గడీ ఆయనదైంది. జనం పంచాయితీలకు ఆయన కాడికే పోవట్టిరి, పెద్దదొర మాట ఎవ్వలు ఇనకపోతుండిరి. ఒకనాడు పెద్దదొర, ఆయన భార్య, ఒక రాగి బిందె, అంతే, ఎడ్లబండి మీద కామారెడ్డికి వచ్చిండ్రు. స్టేషన్ దిక్కు ఏదో కిరాయి ఇంట్ల ఉండి ఆడనే పోయిండ్రు. ఇప్పుడు నేను కూరగాయలు తెచ్చే ఆ గల్లీలనే ఉండె ఆ ఇల్లు. మా బాపు కామారెడ్డికి వస్తే ఆ గల్లీల అడుగు పెట్టకపోతుండె, సుట్టు తిరిగి పోతుండె. నాకు అప్పుడు సమజ్ కాలే ఎందుకో.

మొదట మొదట మంచిగనే జేసిండు నర్సింగరావు దొర. అబద్ధం ఎందుకు, చెరువు కట్ట తెగితే మందితోని మన్ను మోసిండు. తర్వాత తర్వాత ఏమైందో. గడీ ముంగట చెప్పులేసుకొని నడువొద్దన్నడు. అన్నా అని పిలిచిన నోటితోని మా బాపును ఒరే అనవట్టె.

ఇగ మా అవ్వది జెప్తా. నాకు పన్నెండేండ్లు. మా అవ్వకు నొప్పులొచ్చినయి, బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని నాతోని కాదు ఎల్లారెడ్డికి తోల్కపోండ్రి అన్నది. ఊరికంతా ఒక్కటే కచ్చురం, గూడు కట్టిన ఎడ్లబండి, అది గడీల. మా బాపు పోయి అడిగిండు. దొర సుట్టాలు నిజాంసాగర్ సూసెతందుకు పోయేది ఉంది, వాళ్లు తయారైతున్నరు, ఆగుమన్నడు దొర. మా బాపు ఆగిండు. గేటు కాడ పగటాల సంది చేతులు కట్టుకొని నిలవడ్డడు. కచ్చురం ఆడనే ఉన్నది, ఎడ్లు ఆడనే ఉన్నయి. నేను మూడు పార్లు ఉరికి పోయి బాపూ రావే, అవ్వ పిలుస్తుంది అని గుంజిన. దొర జెప్పనియ్యి బిడ్డా అన్నడు. దీపాలు ముట్టిచ్చే యాళ్లకు మా అవ్వ పోయింది, కడుపుల పిల్లతోని. ఆ సుట్టాలు ఆనాడు పోనే పోలే, ఎండ ఉందని పండుకున్నరట.

నీళ్లియ్యి జెర.

ఆ, అప్పటి సంది ఇంట్ల ఆడమనిషిని నేనే గద. దసరాకు బాపు కాయ కోస్తే పసుపు పూసేది నేను, బొట్లు పెట్టేది నేను. గట్ల ఎరుకైంది నాకు. నాకు దొర మీద ఎంత కోపమో బాపు మీద గూడ గంతే కోపం ఉండె. తర్వాత తాడ్వాయికి ఇచ్చిండ్రు, మీ తాత మంచోడు, సల్లగ సూసుకున్నడు. ఏటా బతుకమ్మకు తల్లిగారింటికి పోతుంటి. పోయినప్పుడల్లా అడుగుతుంటి, బాపూ, నాతోని రారాదు, ఒక్కనివి ఏం జేస్తవని. గడీ ఉప్పు తిన్న బిడ్డా, దొర ఉన్నన్ని దినాలు ఆడనే అంటుండె.

మీ అమ్మ సంకల పిల్ల అప్పుడు. ఆ ఏడు పోయేవరకు బాపు చేతులు వణుకుతున్నయి, గిన్నె పట్టుకుంటే సగం ఒలుకుతుంది. ఊరు గూడ మునుపటి తీరు లేదు. నలుగురైదుగురు దుబాయి పోయొచ్చిండ్రు, చేతికి గడియారాలు, చెప్పులేసుకొని గడీ ముంగటికెళ్లే నడుస్తున్నరు. దొర మెత్తబడ్డడు, ఎవ్వలను ఏమనలేక పోతుండె. దసరా పొద్దున బాపు కాయ కోసి, గంప నువ్వు మొయ్యి బిడ్డా, బండ మీద నువ్వే పెట్టు, ఎర్రదారం కట్టింది కోసింది అని జెప్పి తానం చేసెతందుకు పోయిండు. నేను ఎర్రదారం కాయను తీసి బర్రెకు ఏసిన. కోయని కాయకు దారం కట్టి, పసుపు పూసి, అదొక్కటే గంపల పెట్టి బట్ట కప్పిన. దొర కింద పడితే మా బాపు ఆ గేటు ఇడిసిపెట్టి నా ఎంట వస్తడనుకున్న. అంతే నా మనసుల ఉన్నది. అవ్వ గూడ ఉండె మనసుల, ఎందుకు లేదు.

దొర కొట్టిండు. ఇరికింది. గుంజి మల్ల కొట్టిండు. బాపు మొఖం జూసి "మల్లయ్యా, రెండోది" అన్నడు. బాపు గంప మీద బట్ట తీసిండు. ఉత్త గంప. బాపు నా దిక్కు సూసిండు బిడ్డా, రెప్పపాటు సూసి మొఖం మలుపుకున్నడు. అప్పుడు దొర దగ్గరికొచ్చి మెల్లగ, నేను పక్కనే ఉన్న గనుక ఇనవడ్డది, "మా మామకు జేసిందే నాకు జేసినవా" అన్నడు. నాకు సమజ్ కాలే. మా బాపు "తప్పైంది దొరా, నేనే" అన్నడు.

దుబాయి పోయొచ్చిన పోరడు ఒకడు నవ్విండు. ఎక్కువేం కాదు, ముక్కుల నుంచి నవ్విండు. అందరికంటే ముందుగాల నిలవడ్డ ఒక ముసలాయన, చేతుల జమ్మాకు పట్టుకొని దొర దిక్కు రావల్సినాయిన, ఎనుకకు మర్లి తన కొడుకు చేతుల పెట్టిండు. ఇగ సూడు, ఒకరికొకరు ఇచ్చుకోవట్టిరి, కావలిచ్చుకొని అలాయ్ బలాయ్ తీసుకోవట్టిరి. దొర చెయ్యి చాపుకొనే ఉన్నడు. ఆ చేతుల ఎవ్వలు పెట్టలే. నాకు సంబురం కావాలె గద, కాలే. మా బాపు ఒక్కడు పోయి ఆకు పెట్టిండు. దొర చెయ్యి ముడుసుకున్నడు, ఆకు కింద పడ్డది.

సొరకాయ తోని దొరతనం పోయిందని కాదు, అది ఎప్పుడో లోపల పుచ్చిపోయింది, ఆనాడు బయట పడ్డది. గుర్రాన్ని అమ్మిండు. కొడుకులు హైదరాబాద్ పోయిండ్రు, పొలాలు అమ్ముకున్నరు. ఆఖర్కి గడీల ఒక్క అర్రల ఆయనొక్కడే, ఆయన అన్నం ఆయనే వండుకుంటుండె. మరి మా బాపు వచ్చిండా నా ఎంట? రాలే. దినాం పోయి గడీ వాకిలి ఊడుస్తుండె. దొర తలుపు తియ్యకపోతుండె. ప్రతి దసరాకు గడప మీద జమ్మాకు పెట్టి వస్తుండె, మల్ల పొద్దున పోతే ఆకు ఆడనే ఉంటుండె. గట్ల పదకొండేండ్లు. నేను ఏటా బతుకమ్మకు పోతుంటి గద, గేటు దాక పోతుంటి, దొరా, మా బాపు కాదు నేను జేసిన అని జెప్పాలని. మా ఇంటి నుంచి నలభై అడుగులుంటదేమో. అడుగు పడకపోతుండె, మర్లి వస్తుంటి. దొర సచ్చిపోయిండు. పాడె మోసెతందుకు మనుషులు దొరుకలే, నలుగుర్ల ఒకడు మా బాపు.

అప్పుడొచ్చిండు తాడ్వాయికి. ఆరు నెలలున్నడు నా కాడ. ఒకనాడు అన్నం తినిపిస్తున్న, చేతులు పనిజేస్తలేవు గద. "బిడ్డా, పెద్దదొరకు కోయని కాయ పెట్టింది నేనే" అన్నడు. నా చెయ్యి ఆడనే ఆగింది. "నర్సింగరావు గుర్రాల కాడ ఒక్క మాట అడిగిండు, అన్నా, ఈ ఒక్కపారి అని. నన్ను అన్నా అన్నడని కాదనలేకపోయిన. ఉప్పు తిన్న ఇంటికే ద్రోహం జేసిన. అందుకే నువ్వు జేసింది దొర నా మీద ఏస్తే ఒప్పుకున్న" అన్నడు. మల్ల, "మీ అవ్వ కోసం జేసినవు, నాకెరుకే. నేను ఆనాడు అడుగకుండనే ఎడ్లు కట్టి తోలాల్సుండె" అన్నడు. అంతే అన్నడు. నేను బాపును పట్టుకొని ఏడ్సిన, అవ్వ పోయిన నాడు గూడ గట్ల ఏడ్వలే.

ఇప్పుడు గడీ గోడలు లేవు, రాళ్లు తలా ఇన్ని తీసుకపోయిండ్రు. ఆ వాకిట్ల వడ్లు ఆరవోస్తరు. దసరాకు సొరకాయ ఇంకా కొడుతరు, కూరగాయల కత్తితోని ఎవ్వలు ముందుగాల వస్తే వాళ్లే. గని ఊర్ల పెద్దమనుషులు ఇప్పటికీ అంటరు బిడ్డా, మొన్న పెండ్లిల గూడ అన్నరు, మల్లయ్య దొరను ముంచిండు, తర్వాత పాపం తల్గి వాకిలి ఊడ్సిండు అని. నేను అన్నం ముంగట పెట్టుకొని ఇన్న. నోరు లేవలే.

ఆ ఫోన్ బంద్ జేసినవా? జెయ్యలే గద. మంచిది, ఇంకా దగ్గరికి పట్టు. ఆ కాయ పెట్టింది మల్లయ్య కాదు. మల్లయ్య బిడ్డ, సాయవ్వ పెట్టింది. పట్టిందా అది? ఒక్కపారి ఇనిపియ్యి సూస్త... ఆ, నా గొంతే. గిది ఆ ఊరోళ్లకు పంపొస్తదా ఫోన్లనే? పంపు. భయం లేదు, పంపు. నువ్వు నూరేండ్లు సల్లగ బతుకు బిడ్డా, ఎవ్వల గేటు కాడ చేతులు కట్టుకోకు. ఇగ ఆ జపాన్ ఆయనను పెట్టు మల్ల, ఆయన కాడ తల్వార్ పట్టెటోడు ఏమైండో సూద్దం...