గొట్టంలో బ్రేకు వైరు

ఛత్రినాకలో ఓ సైకిల్ దుకాణం. కోస్తా నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డ గుమాస్తా ఒకాయన, ఆదివారాలు గుట్టలెక్కడానికని అక్కడి మిస్త్రీ చేత ప్రత్యేకంగా సైకిల్ కట్టించుకుంటున్నాడు.

“బ్రేకు వైరు ఫ్రేము గొట్టం లోపలి నుంచి పోవాలయ్యా. బయటికి ఒక్క తీగ కనిపించకూడదు.”

“లోపల మూలకాడ వైరు వంగి పట్టేస్తది సార్. బయటికెల్లి ఏస్త. గుట్ట దిగేటప్పుడు ఫికర్ ఉండదు.”

“వైర్లు వేలాడుతుంటే మా ఆఫీసులో పాలవాడి సైకిలంటారు.”

“పాలాయన రోజూ మంచిగనే ఇల్లు చేరుతుండు సార్.”

“నేను చెప్పినట్టు చెయ్యి.”

మిస్త్రీ అట్లాగే చేశాడు. మర్నాడు గుమాస్తా దుకాణం ముందున్న వాలులో సైకిలెక్కి కిందికి వదిలి, బ్రేకు నొక్కాడు. అది పట్టలేదు. నేరుగా వెళ్ళి ఇసుక కుప్పలో పడ్డాడు. మిస్త్రీ పరుగెత్తాడు.

“దెబ్బ తాకిందా సార్?”

“మోకాలు గీరుకుంది. ఎవరైనా చూశారా?”

“బజారంత చూసింది. గిప్పుడన్న వైరు బయటికి తియ్యమంటరా?”

“తియ్యి. మా ఆఫీసువాళ్ళు ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం, నేనెంత వద్దన్నా నువ్వే భయపడి బయట వేశావని చెప్పు.”