పప్పుడకని ఊరి ఎమ్మెల్యే

ఓబులేసని ఒకాయన ఉండె. ఎమ్మెల్యే. ఎమ్మెల్యే అంటే మీరు కార్లు, గన్‌మెన్లు అనుకునేరు, అదేం కాదు. పెద్దోళ్లు ఇద్దరు నేనంటే నేనని కొట్లాడుకుంటాంటే, ఇద్దరి మీదా ఇసుగుపుట్టి జనం మధ్యలో నిలబడిన ఈయనకు ఓట్లు గుద్దినారంట. గెలిచినాడు, పోయినాడు, అసెంబ్లీలో కూచున్నాడు. యాడ కూచున్నాడు? అన్నిటికన్నా ఎనక బల్ల మీద, తలుపు పక్కన. ముందర మంత్రులు, వాళ్ల ఎనక మంత్రులు కావాలనుకునేవాళ్లు, వాళ్ల ఎనక మంత్రులు కాలేక అలిగినోళ్లు, అందరి ఎనకా మన ఓబులేసు. ఆడ నుంచి చూస్తే అధ్యక్షుడు బొటనేలంతే కనపడేదంట. అయితే ఏమి, అడిగేది మాత్రం మానడు. బస్సుల మంత్రిని అడుగుతాడు, నల్లగుట్ట కాడ చెయ్యెత్తినా బస్సు నిలబడకుండా పోయేది నిజమేనా అని. బడుల మంత్రిని అడుగుతాడు, ఐదు తరగతులకు ఒకే అయ్యవారు ఉండేది నిజమేనా అని. గొడ్ల మంత్రిని అడుగుతాడు, గొర్రెలకు సూదులేసే డాక్టరు గొర్రెలు చచ్చినాక వచ్చేది నిజమేనా అని. అందరూ కాయితం చూసి చదివేది ఒకటే మాట, పరిశీలనలో ఉందండి. పరిశీలన అంటే ఏమో అనుకునేరు, గుడ్డు మీద కోడి కూచున్నట్ల కాయితం మీద ఆఫీసరు కూచునేది. పొదగడు, లెయ్యడు. అయినా ఓబులేసుకు కోపం రాదంట. "అడిగేది నా పని, అడుగుతాండా" అనేది. నల్లగుట్ట కాడ బస్సు నిలబడింది గూడా, రెండేండ్లకు.

ఇంగ ఈయన సొంతూరు చౌడుపల్లె. ఆ ఊరి నీళ్లుండాయే, ఒట్టి ఉప్పు, నోట్లో పోసుకుంటే నాలిక మడత పడాల్సిందే. సబ్బు రుద్దితే నురగ రాదు, కందిపప్పు పొయ్యి మీద పెడితే పొద్దు గూకినా ఉడకదు. పప్పు ఉడకని ఊర్లో పప్పన్నం ఎట్ల పెడతారు, మీరే చెప్పండి. అందుకే ఆ ఊరికి పిల్లనియ్యాలంటే జనం ఎనకాడేది. ఓబులేసు తమ్ముడు మద్దిలేటి ఉండాడు, ముప్పై నాలుగేండ్లు, బంగారమట్లాంటోడు, సేద్యం చేస్తాడు, బీడీ గూడా తాగడు. మూడు సంబంధాలొచ్చినాయి, మూడూ గ్లాసెడు నీళ్లు తాగి లేసిపోయినాయి. నాలుగోది సుంకులమ్మ. ఆ పిల్లకు మద్దిలేటి నచ్చినాడు, మద్దిలేటికి ఆ పిల్ల నచ్చింది, సంతలో ఒకరినొకరు చూసుకున్నారంట, అంతకన్నా నాకు తెల్దు, అడగొద్దు. పిల్ల నాయన వచ్చి అన్నానికి కూచున్నాడు. ఏమైందంటే, పప్పు నమిలితే కటుక్కుమనె. ఆయప్ప దవడ పట్టుకొని, మద్దిలేటి తల్లితో "అబ్బోడు మంచోడే వదినా, కానీ నా బిడ్డ పొయ్యి ముందరే ముసిల్దయిపోతాది. వచ్చే ఉగాదికి మీ ఇంట్లో పప్పు ఉడికితే పిల్లనిస్తా, లేకుంటే మా అక్క కొడుక్కు ఇచ్చుకుంటా" అని లేసిపోయె. ఆ పొద్దు నుంచి మద్దిలేటి కడుపు నిండా తినింది లేదు. తల్లి చెన్నమ్మ చూసి చూసి పెద్దకొడుకును పట్టుకున్నాది. "ఊర్లోవాళ్లవన్నీ అడుగుతావు గదరా, గొర్రెల సంగతి గూడా అడిగితివి. నీ తమ్ముడు గొర్రె కన్నా తక్కవా?" అన్నాదంట.

సరే, ఓబులేసు నీళ్ల మంత్రిని అడిగినాడు. చౌడుపల్లె నీళ్లు నోట్లో పెట్టుకోను పనికిరావనేది నిజమేనా, నిజమైతే మంచినీళ్లు ఎప్పుడిస్తారు అని. మంత్రి కాయితం తీసి, "మొదటిదానికి, కాదండి. రెండోది ఉత్పన్నం కాదండి" అని కూచునె. అయిపాయె. అంటే ఏమి, నీళ్లు బాగుండాయని ఎవురో రాసిచ్చినారు, బాగుండే నీళ్లకు ఇంగ ప్రశ్నేంది, అది పుట్టనే పుట్టదు అని. ఓబులేసు మొగం యాలాడేసుకొని ఇంటికొచ్చినాడు. చెన్నమ్మకు కొంచెం చెవుడు. ఏమన్నాడ్రా మంత్రి అంటే, ఉత్పన్నం కాదన్నాడు మా అన్నాడు ఈయన. "ఏందీ, ఉప్పన్నం కాదన్నాడా?" ఆయమ్మకు కోపమొచ్చింది చూడు! "ఈ నీళ్లతో ఒండింది ఉప్పన్నం కాకుంటే పరమాన్నమా? వచ్చి తినమను ఆ మంత్రిని. నా చేత్తో పెడతా, తిని చెప్పమను!" ఓబులేసు నవ్వి నవ్వి, కండ్లల్లో నీళ్లొచ్చినాయంట. అది కాదు మా అని చెప్పబోయి ఆగిపోయినాడు. అమ్మ అనిన దాంట్లో తప్పేముంది అనిపిచ్చింది.

మల్ల అసెంబ్లీ పెట్టినారు. ఉగాది ఇంగ మూడు నెలలుంది. ఓబులేసు మల్ల అదే అడిగె. నీళ్ల మంత్రికి ఇసుగొచ్చె. కాయితం పక్కన పెట్టి, "అధ్యక్షా, ఎన్నిసార్లడిగినా అంతే, ఈయన పప్పులు నా దగ్గర ఉడకవు" అనె. ముందర వరసలోళ్లు బల్లలు చరిచి నవ్వినారు. మనోడు లేసినాడు. తమ్ముని మొగమే కండ్లల్లో మెదులుతాంది. "అధ్యక్షా, మంత్రిగారు ఇన్నాళ్లకు ఉన్నమాట చెప్పినారు. మా పప్పులు ఉడకవు. నా ఇంట్లో ఉడకవు, మా ఊర్లో యా ఇంట్లోనూ ఉడకవు. అవి ఉడకక నా తమ్మునికి పెండ్లి కాలేదు. ఏమిటికి ఉడకవో మంత్రిగారు వచ్చి చూడాల. మా అమ్మ అన్నానికి రమ్మన్నాది" అని కూచున్నాడు. అధ్యక్షుడు కండ్లద్దాలు తీసి తుడుచుకుంటా, "తల్లి అన్నానికి పిలిచినాక పోకుంటే ఎట్ల? పోయి రండి మంత్రిగారూ" అన్నాడంట. అందరి ముందర అనినాక ఆయప్ప ఏం చేస్తాడు, తలకాయ ఊపినాడు.

వచ్చినాడు. పదకొండు కార్లు, వాటి ఎనక వ్యాన్లో నీళ్ల డబ్బాలు. మంత్రి యా ఊరికి పోయినా డబ్బా నీళ్లే తాగుతాడు, తెలివైనోడే అనుకో. చెన్నమ్మ చాప పరిచె, ఆకేసె, అన్నం మాత్రం పెట్టదు. పప్పు పొయ్యి మీదుంది. "పప్పు లేకుండా ఆకులో ఎట్ల పెడతా నాయనా, ఇంటికొచ్చిన చుట్టానివి, ఉడకనీ" అంటాది. పన్నెండాయె, ఒంటిగంటాయె. అమ్మా, అయిందా అని మంత్రి అడుగుతాడు. ఆయమ్మ మూత తీసి, నాలుగు పలుకులు తీసి నొక్కి చూసి, "పరిశీలనలో ఉందయ్యా" అంటాది. కొడుకు నోట ఇని ఇని పట్టుకున్న మాట, ఇంకా కాలేదనేదానికి మర్యాదగా అట్ల చెప్తారు గావాల అనుకున్నాది పాపం. ఊరంతా పైటకొంగులు అడ్డం పెట్టుకొని నవ్వె. రంగన్నా, కత ఇనేవానివి నువ్వేమిటికప్పా నవ్వుతావు, ఆకలైతే నీకు తెలుస్తాది. రెండాయె. మంత్రి కడుపులో ఎలుకలు పరిగెత్తుతాండాయి. ఆఖరికి ఆయప్పే లేసి పొయ్యి కాడికొచ్చి, గంటె తీసుకొని ఒక పలుకు నోట్లో ఏసుకునె. కటుక్. ఆ డబ్బా తీసుకురాండి అన్నాడు. ఇంకో కుండలో డబ్బా నీళ్లు పోపిచ్చి, అదే పప్పు అదే పొయ్యి మీద పెట్టిపిచ్చినాడు. ముప్పావుగంట. ఎన్నపూస మాదిరి ఉడికె. ఊరోళ్లు ఎగబడి చూసినారంట, పప్పు ఉడికేది చూడను! మంత్రి మూడుసార్లు పెట్టిచ్చుకొని తిని, చెయ్యి కడుక్కొని, "రాసిచ్చినోడు ఈ ఊరు చూసి రాయలేదు ఓబులేసూ. నేనూ చూడకుండా చదివితిని. తప్పు నాదే" అన్నాడు. మంచోడే అంటా నేను. కడుపు నిండినాక అన్నాడనుకో, అయినా అన్నాడు గదా.

పైపులేసినారు. డ్యాము నీళ్లు ఊర్లోకొచ్చేతలికి ఉగాది ఇంగ నాలుగు దినాలుంది. సుంకులమ్మ నాయన వచ్చి ఒక గ్లాసు తాగె, ఇంకో గ్లాసు తాగె, "పంతులును పిలిపియ్యండి" అనె. మద్దిలేటి మొగం చూడాల ఆ పొద్దు! ఉగాది దాటినాక ఊరి నడీదిలో పందిరేసి పెండ్లి. ఊరు ఊరంతా పంక్తికి కూచున్నాది, ఓబులేసు ఆడ గూడా ఆఖరి వరసలోనే కూచున్నాడు, అలవాటు. నేనూ ఉన్నా. ఆకుల్లో పప్పన్నం పెట్టినారు. కలిపి నోట్లో పెట్టుకుంటే, ఉప్పు లేదు! చెన్నమ్మ ఎయ్యలేదు. ఆయమ్మ కాపరానికొచ్చి యాభై ఏండ్లు, ఆ ఊరి పాత నీళ్లే ఉప్పు, వాటికి ఇంగా ఉప్పేసేది ఎవురు, చేతికి అలవాటే లేదు. ఆయమ్మేమో గంటె పట్టుకొని నిలబడి, పప్పు మెత్తగుంది చూడండి, మెత్తగుంది చూడండి అని అందరికీ చెప్తా కండ్లు తుడుచుకుంటాంది. మూడువందల మంది తింటిమి. ఒక్కడు గూడా ఉప్పు అడగలేదు. జన్మంతా అడిగే పనే పెట్టుకున్న ఓబులేసు గూడా అడగలేదు, ఆకు నాకినట్ల తిని లేసినాడు. నేను అడగబోతే మా ఆడామె మోచేత్తో పొడిచింది. అదీ కత. అట్లాంటి పప్పన్నం మల్ల యాడా తినలేదు నేను, అబద్దమైతే నాకు ఉప్పు పుట్టకుండా పోనీ.