ప్రాగ్‌లో మంచు, అద్దంకిలో ముడత

అద్దంకి పక్క ఊళ్ళో మిరపచేను గట్టు మీద భార్య నజ్మీన్‌తో నిలబడి సుభానీ వీడియో కాల్ చేశాడు. అవతల చైతన్యకృష్ణ, బడినాటి స్నేహితుడు, అద్దంకిలో పురుగుమందుల కొట్టు యజమాని. బాగా అమ్మిన డీలర్లను కంపెనీ యూరప్ తిప్పుతుంటే పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటేసుకుని పోయాడు. సుభానీ బతుకంతా ఆ చేలోనే ఉంటే, మహానుభావుడు ఫోనెత్తగానే మంచు చూపించడం మొదలుపెట్టాడు.

“...అటు కాదురా, ఇటు చూడు, ఈ వంతెన! రాజుల కాలం నాటిదంట. ప్రాగ్ అంటారు ఈ ఊరిని. మొన్న పారిస్, నిన్న జ్యూరిచ్...”

“చూశాలేరా చైతన్యా. నువ్వు కాస్త నా చేను చూడు. కెమెరా తిప్పుతున్నా. కనపడుతోందా?”

“ఆఁ, కనపడుతోంది. బానే ఉందిగా!”

“ఏం బానే ఉందిరా? ఆకంతా ముడుచుకుపోయింది. పూత నిలవట్లేదు. నువ్వు చెప్పిన మందే మళ్ళీ మళ్ళీ కొట్టా.”

“ముడతేగా. ఉండేదే.”

“పీకేద్దామనుకుంటున్నా.”

“ఏంటీ?”

“చెట్లు పీకేసి మొక్కజొన్న వేద్దామని. కూలోళ్ళు గట్టు మీదే కూర్చున్నారు. ఇయ్యాల కాలవలో నా వంతు నీళ్ళున్నాయి, రేపు కట్టేస్తారు. నేనొద్దంటే పక్కచేను బాలు తిప్పుకుంటాడు. ఇయ్యాల తడి పెట్టుకుంటే మొక్కజొన్నన్నా చేతికొస్తది. దాటితే అదీ లేదు.”

“ఒరేయ్, ఆగు, ఆగు. పిచ్చా నీకు? పచ్చటి చెట్టు పీకుతావా?”

“నజ్మీన్ పీకేద్దామంటోంది.”

“ఆడోళ్ళ మాట విని...”

“అన్నా, నేనిక్కడే ఉన్నా. వినపడుతోంది.”

“నజ్మీనా! బాగున్నావామ్మా? అది కాదు తల్లీ...”

“చెట్టు చచ్చిందన్నా. చచ్చినదానికి మందేంది? సీలు తియ్యని డబ్బాలు ఇంట్లో ఉన్నాయి. కొట్టుకి పంపిస్తాం, వెనక్కి తీసుకోమని చెప్పు.”

“డబ్బాలా? వద్దు వద్దు వద్దు. ఇప్పుడు పంపబాకండి. నేనొచ్చాక చూద్దాం.”

“ఇప్పుడైతే ఏం?”

“ఏంటంటే... అవి వాడాలి కాబట్టి! వాడికివ్వు ఫోను. ఒరేయ్ సుభానీ, ఇంకొక్కసారి కొట్టు. ఇయ్యాలే కొట్టు. తడి మాత్రం పెట్టబాక, తడి పెడితే ముడత ఇంకా పెరుగుద్ది. నేనొచ్చేలోపు కొత్త చిగురేస్తుంది, చూడు.”

“నిజంగానేనా?”

“నీకు అబద్ధం చెబుతానట్రా? మీ నాన్న జనాజా మోసినవాణ్ణి.”

“...మోశావు.”

“మరి?”

“ఎవరండీ, సుభానీ అన్నయ్యగారా? ఇటివ్వండి. అన్నయ్యగారూ, మాధురిని! మీరిచ్చిన కారం లేకపోతే ఇక్కడ చచ్చిపోయేవాళ్ళం. ఏది తిన్నా చప్పిడే. రైస్ కుక్కర్లో ఇంత అన్నం వండుకుని, మీ కారం, నెయ్యి... ఆ ఘాటుకి హోటల్‌వాళ్ళొచ్చి తలుపు కొట్టారు, తెలుసా!”

“సంతోషమమ్మా.”

“ఈసారి కొత్త కాయలు కూడా మాకే ముందు!”

“చెట్టు కాస్తే ఇస్తానమ్మా.”

“మాధురీ, ఉండు. సుభానీ, ఏమంటావురా?”

“...బాలూ! ఒరేయ్ బాలూ!”

“ఏందన్నా? గట్టిగా చెప్పు, ఈ చేలోకి వినపడట్లా!”

“నా వంతు నీళ్ళు నువ్వు తిప్పుకోరా! నాకక్కర్లేదు!”

“ఏమండీ! ఆలోచించండి. మళ్ళీ రావు నీళ్ళు.”

“నువ్వుండు నజ్మీన్. పదూళ్ళ చేలు చూసేవాడు, వాడికి తెలీదా? కూలోళ్ళని ఇంటికి పొమ్మను.”

“తిప్పేసుకుంటున్నానన్నా! మళ్ళీ అడగబాక, నా చేను నెర్రెలిచ్చింది!”

“అడగన్లేరా!”

“అదీ! అట్టుండాలి సుభానీ. సరే, మేం ఇక్కడి పాతకాలం గడియారం ముందు ఫోటో దిగొస్తాం. తేజూ, ఫోను పట్టుకో, మామయ్యకి ఊరు చూపించు.”

“హాయ్ మామయ్యా! చలికి నా చేతులు చూడండి, ఎట్లా ఎర్రబడ్డాయో.”

“గ్లవుజులు వేసుకోమ్మా తేజశ్రీ. ఏమేం చూశావు?”

“పారిస్‌లో టవర్, జ్యూరిచ్‌లో సరస్సు. రేపు వియన్నా. మామయ్యా, మీ వెనకాల... అయ్యో, మీ చెట్లు కూడా ముడుచుకుపోయాయా? అచ్చం తాతయ్య చేనులాగే!”

“ఏ తాతయ్యమ్మా?”

“మేడికొండూరు తాతయ్య. అమ్మ వాళ్ళ నాన్న.”

“బుల్లయ్యగారా? ఆయనేం మందు కొట్టారు?”

“మందేం కొట్టలేదు. మేం బయల్దేరకముందే పీకించేశారు. డాడీయే దగ్గరుండి పీకించారు. ఇప్పుడు మొక్కజొన్న మొలిచింది, తాతయ్య నిన్న ఫోటో కూడా పెట్టారు.”

“ఏంటమ్మా? మళ్ళీ చెప్పు.”

“మామయ్యా? వినపడుతోందా?”

“డాడీ... డాడీ ఎందుకు పీకించాడమ్మా?”

“అది వైరస్ అంట. ఒకసారి వస్తే ఏ మందు కొట్టినా పోదంట.”

“బాలూ! ఒరేయ్ బాలూ, ఆపరా! ఆపు!”

“ఏందన్నా, ఇప్పుడాపితే ఎట్టా? కట్ట తెంచేశా, నీళ్ళు నా చేలో పడ్డాయి! అడగనన్నావుగా!”

“మామయ్యా, ఎవర్ని అరుస్తున్నారు?”

“ఎవర్నీ లేదమ్మా. ఆ సంగతి... నాకు చెప్పాలనుకోలేదా మీ డాడీ?”

“నేనే అడిగాను, సుభానీ మామయ్యకి చెప్పవా అని. తిరిగొచ్చాక చెబుదాంలే అన్నారు. ముందే చెబితే మీరు డబ్బాలు వెనక్కిచ్చేస్తారంట. అప్పుడు అమ్మకాల టార్గెట్ తగ్గిపోయి, మమ్మల్ని యూరప్ కాకుండా బ్యాంకాక్ పంపిస్తారంట. ట్రిప్ మధ్యలో వెనక్కొచ్చినా ఆ ఖర్చు డాడీయే కట్టాలంట.”

“...అట్టా అన్నాడా.”

“కోపం తెచ్చుకోకండి మామయ్యా. మీకోసం డాడీ జ్యూరిచ్‌లో చాక్లెట్లు కొన్నారు, పెద్ద పెట్టె. ఆ మాట చెప్పేటప్పుడు మీ చేతిలో పెడతారంట.”