రెండు దిక్కులా బరాబర్

తొమ్మిది ఇరవై, బక్కన్నా. పొద్దున తొమ్మిది ఇరవైకి నేను షెడ్డు ముంగట బల్ల మీద కూసోని చాయ్‌ల బన్ను ముంచుకుంటున్న. మీ ఓనరు పటేల్ ఫోను గప్పుడే వచ్చింది. ఇగో, టైము ఇంకా ఫోన్ల ఉంది. టిప్పర్ తీస్కొస్తున్నమన్నడు. నేను రమ్మన్ననా? నేను పిలిచిన్నా మిమ్ముల?

అట్ల సూడకు.

మీ ఇంటామె సాలమ్మ నీకు కొబ్బరినీళ్లు తెస్తనని దవాఖాన కిందికి పోయింది. ఆమె వచ్చేలోపు చెప్పాలె. నీ దవడకు తీగ కట్టిండ్రు, ఆరు వారాలు నోరు తెరుసుడు లేదన్నడంట డాక్టరు. ఒక తీరుగ మంచిదే. నోరుంటే నన్ను మొత్తం చెప్పనిస్తువా నువ్వు?

నీకు తెల్వదని కాదు గని, మొదటి నుంచి చెప్తేనే నాకు దారి దొరుకుతది.

మేడ్చల్ హైవే మీద ఇరవై ఏండ్ల సంది షెడ్డు నడుపుతున్న. మహేందర్ పటేల్ టిప్పర్ పద్దెనిమిదేండ్లది. దాని కడుపుల ఏముందో వాళ్లింటోళ్ల కన్న నాకెక్కువ తెల్సు. నువ్వు డ్రైవర్ సీట్లకెల్లి దిగంగనే ఏమన్నవ్? "లక్ష్మణా, నలభై దాటితే స్టీరింగ్ సలిజ్వరమొచ్చినట్టు వణుకుతాంది. బ్రేకు కొడితే ఎడమకు గుంజుతాంది" అన్నవ్. పది దినాల సంది పటేల్‌కు చెప్తనే ఉన్న అన్నవ్.

పటేల్ కారు దిగిండు. "బండి గుంజుతలేదు లక్ష్మణ్, వీడే పొద్దుగాల ఓ పావు గుంజి వస్తాండు" అన్నడు. నేను నవ్విన. ఒప్పుకుంటున్న, నవ్విన. మాట మంచిగ పడ్డది మరి.

"తాగలే పటేలా, తాగుడు బందు జేసి రెండేండ్లాయె" అన్నవ్. గంతే. చెంప మీద ఒక్కటి పడ్డది. సప్పుడు పక్క షెడ్డు దాకా ఇనపడ్డది. రెండోదానికి నీ భుజం మీది టవాలు పోయి ఆయిల్ బేసిన్ల పడ్డది. నువ్వు వంగి దాన్ని తీసి పిండుకుంటున్నవ్. నేను జాకీ ఎతుకుతున్నట్టు అటు తిరిగిన. ఏం జెయ్యాలె? నాకు కనపడనట్టే ఉంటే నీకు ఇజ్జత్ మిగులుతది అనుకున్న. అట్ల అనుకుంటే నాకు సులువు.

తర్వాత నిన్ను రైల్వే గేటు దాకా ఖాళీ బండి తోలుకొని రమ్మన్న, నాలుగుసార్లు బ్రేకు కొట్టమన్న. వచ్చినంక ముందు డ్రమ్ముల మీద చెయ్యి పెట్టి సూసిన. ఎడమది పెనం లెక్క కాలుతాంది. కుడిది సల్లగ, మంచినీళ్ల కుండ లెక్క. జాకీ మీద లేపి కుడి చక్రం మీదొక చెయ్యి, కిందొక చెయ్యి పెట్టి ఊపిన. ముసలోని పన్ను లెక్క ఊగింది. బేరింగు పోయింది. వణుకుడు సంగతి గది.

గుంజుడు సంగతి వేరే. గీడనే అందరు తప్పు జేస్తరు. బండి ఎడమకు గుంజితే ఎడమ చక్రాన్ని తిడతరు. అది పాపం, పని జేసేది అదొక్కటే. కుడి చక్రం పట్టుకుంటలేదు, అందుకే బండి ఎడమకు తిరుగుతాంది. లోపట సీలు పోయింది, గ్రీజు కారి బ్రేకు లైనర్లు నూనెలకెల్లి తీసిన గారెల లెక్క నానినయ్.

నేను చెప్పలేదా పటేల్‌కు? నువ్వున్నవ్ గద ఆడ! సీలు మార్చాలె, బేరింగు మార్చాలె, లైనర్లు కొత్తయి కొట్టాలె, రేపు సాయంత్రం దాకా బండి కదల్దు అని చెప్పలేదా?

"అలియాబాద్‌ల స్లాబు పడుతాంది. పన్నెండు లోపట కంకర పోవాలె" అన్నడు. "ఎడమకు గుంజుతాంది, గంతే గద? రెండు బరాబర్ చెయ్."

బరాబర్. సూడు గా మాటను. బరాబర్ అంటే మనకు సరిగ్గ అని. బరాబర్ అంటే సమానం అని గూడ. గంటసేపట్ల సరిగ్గ చేసుడు నాతోని కాదు. సమానం చేసుడు అయితది. కుడిదాన్ని ఎడమంత చెయ్యలేనోడు ఎడమదాన్ని కుడంత చెయ్యొచ్చు గద.

బండి కిందికి దూరి, పట్టు తగ్గేటట్టు ఎడమ బ్రేకు స్క్రూ ఎనక్కి తిప్పిన. ఒక మలుక. రెండు. మూడు. కుంటోనికి మంచికాలు గూడ ఇరగ్గొడితే ఇగ కుంటుడు కనపడది, గట్ల.

నువ్వు పక్కన కూసోని సూస్తున్నవ్. లెక్కపెట్టినవ్ గూడ, నీ పెదవులు ఆడుడు సూసిన. బండి తోలి సూసి ఏమన్నవ్? "ఆగుతాంది గని లక్ష్మణా, ఆలస్యంగ ఆగుతాంది."

"గుంజుతాందా?" అన్న.

"లేదు."

"మరింకేంది?" అన్న.

మరింకేంది! ఆ మాట ఎవడన్న నా నోట్లెకెల్లి తీసేస్తే బాగుండు బక్కన్నా.

పటేల్ నన్ను ఎనక బైకు మీద పొమ్మన్నడు, దారిల సూస్కోమన్నడు. నేను చక్రాలు ఇప్పే మూరెడు ఇనుప పానా సంచిల ఏసుకొని ఎంబడి వచ్చిన. క్రషర్ కాడ కంకర నిండ నింపిండ్రు. శామీర్‌పేట దాటినం. నువ్వు ముప్పై ఐదు మీద పోతున్నవ్. అంతకు మించి తోలలేదు. ఎవడడిగినా నేను చెప్త... చెప్తననే అనుకున్న.

పదకొండు నలభై. అలియాబాద్ చౌరస్తాకు ఇవతల చాపలమ్ముకునే బాలమణి గంప నెత్తి మీద పెట్టుకొని రోడ్డు దాటుతాంది. నీ ఎనక ఎర్ర లైట్లు ఎలిగినయ్. ఎలిగే ఉన్నయ్. నువ్వు రెండు కాళ్లతోని తొక్కి ఉంటవ్. లైట్లు ఎలిగే ఉన్నయ్, బండి పోతనే ఉంది. సక్కగ. ఇంచు గుంజలే. పాత లెక్కన ఎడమకు గుంజి ఉంటే పక్కన మట్టికుప్పల పడుతుండె. సక్కగ పోయింది గనుకనే ఆమె మీదికి పోయింది.

గంప ఎగిరిపడ్డది. బాలమణి కదల్లే. తారు మీద బొచ్చె చాపలు కదిలినయ్.

ఇగ జనం. ఎక్కడికెల్లి వస్తరో గని క్షణంల వస్తరు. క్యాబిన్లకెల్లి నిన్ను కాలు పట్టి గుంజిండ్రు. నీ తల మెట్టుకు తగిలి టంగుమన్నది. ఒకడు ఆమె తరాజు గుండు తీస్కొని వీపుల గుద్దిండు. ఒకడు రాయి. ఒకామె చెప్పు. "తాగి తోల్తున్నవారా లమ్డికే!" అని పొత్తికడుపుల తన్నిండు ఒకడు, పడ్డోణ్ని లేపి మళ్ల తన్నిండు. నీ నోట్లె నెత్తురు. ఆ నెత్తుట్లనే అన్నవ్, "బ్రేకు... బ్రేకడుగుండ్రి" అని. చెయ్యి లేపినవ్. నా దిక్కు.

అందరు నన్ను సూసిండ్రు. చేతులకు గ్రీజు, సంచిలకెల్లి ఎప్పుడు తీసిన్నో, చేతుల పానా. "ఏ మిస్త్రీ! బ్రేకు ఏమాయె?"

"బరాబర్ ఉంది. పొద్దున నేనే సూసిన" అన్న.

అబద్ధమా? నువ్వే చెప్పు, అబద్ధమా? బరాబరే ఉండె గద.

నువ్వు మళ్ల నోరు తెరిచినవ్. మూడు మలుకలు అంటవని నాకు తెల్సు. నువ్వు లెక్కపెట్టినవ్ మరి.

గుంపు కొట్టింది, ఎవడు కొట్టిండో తెల్వదు అంటాంది సాలమ్మ. పోలీసులు గూడ గట్లనే రాసుకున్నరు. బక్కన్నా, గుంపు చేతుల రాళ్లున్నయ్, చెప్పులున్నయ్, తరాజు గుండు ఉంది. మూరెడు ఇనుము ఒక్కని చేతులనే ఉండె. దవడ ఇరిగిన సప్పుడు పానాకెల్లి నా మోచేతి దాకా వచ్చింది. నట్టు తెగినప్పుడు గట్లనే వస్తది. ఒక్కటే దెబ్బ. దాని తర్వాత నువ్వు మాట్లాడలే.

నీకు తెల్సు. నేను వచ్చినకాడికెల్లి అందుకే అట్ల సూస్తున్నవ్.

ఊకె రాలేదు నేను. నాలుగో దినం స్టేషన్‌కు పోయిన, చెప్పేద్దామనే పోయిన. షెడ్డుకు తాళం ఏసి పోయిన, ఇగ లోపట ఏస్తరని. టిప్పర్ ఆవరణల నిలబెట్టి ఉంది, బంపర్‌కు చాప పొలుసులు ఎండి మెరుస్తున్నయ్. పటేల్ కుర్చీల కూసోని చాయ్ తాగుతాండు. బ్రేకులు సూసే సారు అప్పుడే పోయిండంట. ఖాళీ బండి, ఇరవై స్పీడు, ఆవరణల రెండు చక్కర్లు. డ్రమ్ము ఇప్పలే.

"మంచిగొచ్చినవ్ మిస్త్రీ, సాక్షి సంతకం ఒకటి కావాలె" అని కానిస్టేబుల్ కాయితం ముంగట పెట్టిండు. నేను నోరు తెరిచిన. తెరిచిన, ఒట్టు. పటేల్ నన్ను సూసిండు, నా చేతిల పెన్ను పెట్టిండు.

సాలమ్మ మెట్లెక్కుతాంది, ఇను జల్దీ.

సంతకం పెట్టినంక చదివిన. "ముందు చక్రముల బ్రేకులు రెండును సమానముగా పనిచేయుచున్నవి. వాహనమునందు ఎట్టి లోపమును లేదు."