పచ్చగళ్ల ముక్క

ద్రాక్షారామం దగ్గరి ఓ ఊళ్లో, మండువేసవి మధ్యాహ్నం. వంటింటి వసారాలో అత్త పసివాడి బొంతకి ఊడిన అంచు కుడుతోంది. కోడలు మామిడికాయ పప్పు దించి, తాలింపుకి నూనె పెట్టింది.

“వాసనకే ఆకలేస్తోందే. ఒడియాలూ వేయించు.”

“అలాగేనండి అత్తయ్యా.”

“అన్నట్టు, ఈ పచ్చగళ్ల ముక్క ఎవరిది?”

“వెనకింటి బంగారమ్మగారి మనవడి చొక్కాదండి. ఇంటింటి పాతగుడ్డా కలిపి కుడితే పిల్లాడికి ఆయుష్షని మీరేగా అన్నారు.”

“ఆవిడే ఇచ్చిందా?”

“ముందే ఇస్తానన్నారండి. పోయిన పున్నమికి వెళ్తే, ఇంట్లో తల్లి ఉంది, లోపలికి రాకమ్మా అని కేకేశారు. దండెం మీదున్నది నేనే తెచ్చుకున్నా.”

“తల్లి ఉందందా?”

“అవునండి. కోటిపల్లి నుంచి వాళ్లమ్మగారు వస్తారని చెప్పారుగా.”

“వీధి గుమ్మానికి వేపమండలు చూళ్లేదూ?”

“దొడ్డిదారిన వెళ్లానండి. ఏం?”

“ఆ ఇంట్లోంచి తాలింపు వాసనే రావట్లేదేంటా అనుకుంటూనే ఉన్నాను. తల్లంటే వాళ్లమ్మ కాదే పిచ్చిదానా! అమ్మవారు పోసింది!”

“అయ్యో! వీడు రోజూ ఆ బొంత మీదేనండి పడుకునేది!”

“పాలు తాగాడా?”

“పొద్దుట్నుంచీ తాగట్లేదండి. ఎండకేమో అనుకున్నా.”

“ఉండు, నన్ను చూడనీ.”

ఉయ్యాల కిర్రుమని ఆగింది.

“ఒళ్లు చల్లగానే ఉందా అండి? అత్తయ్యా, వీపు తిప్పి ఏం చూస్తున్నారండి?”

“ఆ నూనె దించెయ్యి తల్లీ. ఇవాళ మనింట్లో తాలింపు వద్దు.”