కాలిపోయిన పాత మోడల్

కర్నూలు పక్కన కల్లూరు, 2006. బట్టల వ్యాపారి రాఘవేంద్రప్రసాద్ కట్టుకున్న కొత్త ఇల్లు. కూతురు హిమబిందు ఆటో ఎక్కి బడికి పోయాక, అతని భార్య శ్రీదేవి, ఇంట్లో పనిచేసే భీమమ్మ వంటింట్లో ఉన్నారు.

"అంట్లు మళ్ళ తోముతాలేమ్మా. ముందు ఒక మాట చెప్పల్ల."

"చెప్పు భీమమ్మా. ఆ సంచి కింద పెట్టి చెప్పు. చంకలో పెట్టుకొని నిలబడితే అప్పుడే ఊరికి పోతాండట్ల ఉండాది."

"ఊరికి రేపు పోతామమ్మా. కోసిగికి పోయి, ఆడ్నుంచి గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి. ఉగాదికి వస్తాం. నాగలక్ష్మిని మాత్రం మా అమ్మ దగ్గర కోసిగిలోనే వదుల్తాండాం. బడి పోకూడదని."

"మంచిపని చేస్తాండావు. బాగా చదివే పిల్ల."

"అది ఉండనంటాండె గదమ్మా. అందరూ పోతే నేనొక్కదాన్నే ఏం చేయల్ల అని ఒకటే ఏడుపు. మీరిస్తామన్న పాత వీడియో గేమ్, టీవీకి తగిలించే ఆ ఆట పెట్టె ఉంటాదని చెప్పి ఒప్పిచ్చినాం. వాళ్ళ నాయన డోన్‌లో పాత టీవీ కూడా ఒకటి కొని..."

"టీవీ కొన్నాడా?"

"చిన్నదేలేమ్మా. బస్సు మీద వేసుకొని వచ్చినాడు. ఇప్పుడు ఆ పెట్టె సంగతే..."

"కాఫీ తాగుతావా?"

"వద్దమ్మా. ఆ పెట్టె..."

"సగం గ్లాసు తాగు. పాలుండాయి."

"మళ్ళ తాగుతా. పెట్టె, అమ్మా..."

"అదే నేనూ చెప్దామనుకుంటాండా. నాగలక్ష్మి నీకేమీ చెప్పల్యా? అది చెడిపోయింది భీమమ్మా."

"చెడిపోయిందా?"

"చెడిపోయిందంటే, కాలిపోయింది. మొన్న కరెంటు ఎక్కువ తక్కువ వచ్చె గదా. పొగ వచ్చింది. అంత పెద్ద నల్ల డబ్బా, లోపల ఏముంటాదో ఏమో, ఇల్లంతా వాసన."

"నాకు వాసన రాల్యా అమ్మా."

"నువ్వు రాని దినం లే. ఆదివారం."

"ఆదివారం వచ్చినా గదమ్మా. బండలు కడిగితి."

"అయితే శనివారం. దినం పట్టుకొని ఏం చేస్తావు."

"సరే అమ్మా."

"సరే అంటే ఎట్ల? నాకు బాధ ల్యాదనుకుంటాండావా? బిందు జ్వరంతో పడుకున్నప్పుడు మీ నాగలక్ష్మి బడి మానుకొని పక్కనే కూర్చుండె. గుడ్డ తడిపి తడిపి నెత్తిన వేసేది. నాచేత కూడా తాగని గంజి దానిచేత తాగింది. కొత్తది కొంటే పాతది నీకే పాపా అన్నది నేనే గదా. మర్చిపోతానా?"

"మర్చిపోరులేమ్మా."

"కాలిపోకుంటే ఇయ్యకుండా ఉంటానా?"

"ఉండరమ్మా."

"బాగు చేపిద్దామనే అంగడికి తీసకపోతిమి. ఆయప్ప చూసి, ఇది ఇన్నేళ్ళ నాటి మోడల్, ఇప్పుడు ఇదే గేమ్ సన్నగా చేసి ఇడిసినారు, పుస్తకమంత ఉంటాది, పాత సీడీలన్నీ దీంట్లో కూడా ఆడతాయి, ఇది తీసుకోండి అనె. సరే అని తీసుకుంటిమి."

"కాలిపోయినదాన్ని ఆయప్పేం చేసుకుంటాడమ్మా?"

"సామాన్లు పీక్కుంటాడేమో. పాతది ఇచ్చినందుకు ఏదో కొంచెం తగ్గించినాడు."

"తగ్గించినాడా?"

"ఆఫర్ ఉండె. అందరికీ తగ్గిస్తాండారు. కాలిపోయినా తగ్గిస్తారంట."

"సరే అమ్మా."

"మాటకు ముందు సరే సరే అంటావేం? తిట్టు నన్ను. ఇస్తానని ఇయ్యల్యా అని తిట్టు."

"మిమ్మల్ని తిట్టేదేందమ్మా."

"లోపల చీరలుండాయి, రెండు తీసుకపో. పిల్లకు పరికిణీ గుడ్డ కూడా అంగట్లోనుంచి తెప్పిస్తా. బిందు గౌన్లు... గౌన్లు దానికి చిన్నవైతాయి. పరికిణీనే కుట్టిద్దాం."

"చీరలు వద్దమ్మా. ఈ సంచి తీసుకోండి."

"ఏముంది దాంట్లో?"

"చూడండి."

"ఇది మాది గదా. మా కొత్తది."

"మీదేనమ్మా. వైర్లు, చేత్తో పట్టుకునేటివి, అన్నీ ఉండాయి. దెబ్బ తగలకుండా తువ్వాలలో చుట్టినా. ఎంత తేలిగ్గుండాదంటే, నాగలక్ష్మి ఒట్టి డబ్బానేమో అనుకునె."

"నీ దగ్గరికి ఎట్ల వచ్చె?"

"నిన్న సాయంత్రం బిందు పాప వచ్చి నాగలక్ష్మి చేతిలో పెట్టి పోయిందమ్మా. నేను ఇంట్లో ల్యాను. మీరే పంపించినారు, పొరపాటున పాతదానికి బదులు కొత్తది వచ్చింది అనుకుంటి. పొద్దున ఆటో కాడ పాపను అడిగితే, అమ్మకు తెల్దు అనె. మీకు తెల్దంటే నేనెట్ల పెట్టుకుంటా? తిరిగి ఇస్తే తీసుకోల్యా, ఆటో ఎక్కిపోయె."

"షోకేసులో గుడ్డ కప్పి పెట్టినానని బిందు నాతో చెప్పె గదా."

"పాపనేమీ అనొద్దండమ్మా."

"నాగలక్ష్మి ఏమంటాది?"

"ఏడ్చి పండుకొనుండాది. రేపు మాతోనే గుంటూరుకు వస్తాదంట."

"మరి బడి?"

"పోతాది. ఏం చేస్తాం."

"తీసకపో భీమమ్మా. ఇదే తీసకపో. నాకు తెలిసే ఇస్తాండా ఇప్పుడు."

"కొత్తది వద్దమ్మా. సారుకు తెలిస్తే పాపను కొడ్తాడు."

"సారుకు నేను చెప్తా."

"ఏమని చెప్తారు? ఇది కూడా కాలిపోయిందనా?"

"భీమమ్మా."

"తప్పయ్యిందమ్మా. నోరు జారితి."

"నీకు తెలుసు. పాతది కాలలేదని వచ్చేటప్పుడే నీకు తెలుసు."

"తెలుసమ్మా."

"తెలిసి ఇంతసేపు ఎందుకు చెప్పనిస్తివి? రాంగానే ఆ డబ్బా నా ముందర పెట్టకూడదా?"

"పెట్టాలనే వచ్చినా. మీరు కాలిపోయిందనంగానే చేతులు రాల్యా. ఇంగొక మాటకన్నా నిజం చెప్తారేమో అని నిలబడితి."

"సాయంత్రం నేను, బిందు మీ ఇంటికి వస్తాం. ఇది బిందు చేతనే నాగలక్ష్మికి ఇప్పిస్తా. ఆ పిల్లను గుంటూరుకు తీసకపోవద్దు. సారుతో ఉన్నదున్నట్లు చెప్తా. ఒప్పుకుంటావా?"

"పాప ఇస్తే తీసుకుంటానమ్మా."

"బిందుకు అంత కోపమొచ్చిందా నా మీద? పాతది పోయిందని నన్నొక్క మాట కూడా అడగల్యా, ఏడవల్యా. నీకేం చెప్పింది?"

"కోపం కాదమ్మా. 'పాతది కాలిపోయిందని నాగలక్ష్మితో చెప్పిరా అని మా అమ్మ నన్ను పంపించింది భీమక్కా, దాని మొగం చూస్తే ఆ అబద్ధం చెప్పలేనని తెలిసి, పోయేటప్పుడే కొత్తది సంచిలో వేసుకుంటి' అనె."