వీరులపాడు షెడ్డు తాళం

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా పై అధికారి భవానీప్రసాద్ గారికి, వేదిక మీది పెద్దలకు, వీరులపాడు నుంచి పనులు మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకు, ముప్పై మూడేళ్ళు నాతో వేగిన మిత్రులకు నమస్కారాలు.

నందిగామ, జగ్గయ్యపేట పల్లెలకు వెలుగు తెచ్చిన వీరరాఘవయ్య అని ఇందాక నలుగురు వక్తలు నన్ను మోసేశారు. ఏమీ అనుకోకండి గానీ, ఆ వెలుగులో సగం మా లైన్‌మన్లు తెచ్చింది, మిగతా సగం ఇంకా ఫైళ్ళలోనే ఉంది. (నవ్వులు) నవ్వుతారేంటండీ, నిజం!

వీరులపాడు మహిళా సంఘానికి మిరపకాయలు ఆరబెట్టే సోలార్ షెడ్డు కట్టి రెండేళ్ళయింది. అందులో పోస్తే వానొచ్చినా కాయ తడవదు. కానీ అది నడవాలంటే ఎండొక్కటే చాలదటండీ, ముందు రిబ్బను కత్తిరించే చెయ్యి దొరకాలి. మొదటిసారి ముఖ్య అతిథికి తీరిక లేదు, రెండోసారి ఎన్నికల కోడ్ వచ్చింది, మూడోసారి శిలాఫలకం మీద ఎవరి పేరు పైన, ఎవరిది కింద అని పేచీ వచ్చి, ఆ రాయినే రెండుసార్లు చెక్కించాం. రాయికి పట్టు తెర కప్పాం, కళ్లంలో కాయలకు కప్పడానికి మాత్రం పట్టాలు చాలలేదు.

'ప్రారంభోత్సవం అయ్యేవరకు వాడరాదు' అని ఫైల్లో రాసింది ఎవరో కాదు, నేనే.

పోయిన నెల వానకు సంఘం అధ్యక్షురాలు ఆరోగ్యమ్మ గారి కాయంతా బూజు పట్టింది, తాళమేసిన ఆ షెడ్డు పక్క కళ్లంలోనే. ఆమె తిట్టలేదండీ. "అయ్యగారూ, మీరు రిటైరయ్యేలోపన్నా ఆ తలుపు తీస్తారా?" అనడిగింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో ఆ పూట అన్నం సహించలేదు నాకు.

భవానీప్రసాద్ గారూ, గడియారం చూడకండి, నేనూ చూస్తూనే ఉన్నా. నాలుగూ నలభై. ఐదింటిదాకా నేనే ఆఫీసర్ని. షెడ్డు వాడుకోవచ్చని ఉత్తర్వు మీద సంతకం పెట్టే ఇక్కడికొచ్చా. సంజాయిషీ కావాలంటే పింఛను కాగితాలతో కలిపి అడగండి. (నవ్వులు)

ఆరోగ్యమ్మ గారూ, ఇలా పైకి రండి. మొహమాటమెందుకమ్మా, రండి. ఇదిగో తాళంచెవి, రెండేళ్ళుగా నా సొరుగులోనే ఉంది. రిబ్బను మీ కత్తిపీటతో కోసేయండి.

శాలువాకూ, మంచి మాటలకూ అందరికీ కృతజ్ఞతలు. టిఫిన్లు చేసి వెళ్ళండి. ఆరోగ్యమ్మ గారు మాత్రం ఆగనంటున్నారు, మబ్బేసిందట, ఆఖరి కోత కాయ కళ్లంలో ఉందట. వెళ్ళండమ్మా, తొందరగా వెళ్ళండి. ఇక నాకూ సెలవు.